చిన్న గడిలో పెద్ద తీర్పు: భారత ఎన్నికల గుర్తుల స్పష్టత – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

చిహ్నాల రూపకల్పనలో పరిమాణం కీలకమైన సమస్య. గోడ మీద స్పష్టంగా కనిపించే బొమ్మ కాగితం మీది చిన్న గడిలో ఒదిగేసరికి తన వివరాలను కోల్పోతుంది. ఈ సమస్యను అత్యంత విస్తృతస్థాయిలో ఎదుర్కొన్న వ్యవస్థల్లో భారత ఎన్నికల గుర్తుల వ్యవస్థ ఒకటి. 1951–52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచి నేటి ఓటింగ్ యంత్రాల వరకు గుర్తు కనిపించే స్థలం ఎలా మారిందో, ఆ మార్పు గుర్తు స్పష్టతను ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలంగాణలో కారు, రోడ్డు రోలరు గుర్తుల మధ్య తలెత్తిన వివాదాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, స్పష్టత అనేది ఒక్కొక్క బొమ్మకు విడిగా ఉండే గుణం కాదనీ, పక్క బొమ్మలతో దానికి గల భేదం మీద ఆధారపడి ఉంటుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎన్నికల గుర్తులు, బ్యాలెట్ పత్రం, స్పష్టత, రూపురేఖ, పోలిక, భేదగ్రహణం.

1. ఉపోద్ఘాతం

తెలుగు లిపిని చిన్న అక్షరాల్లో అచ్చువేసిన పుస్తకం చదివేవారికి ఒక ఇబ్బంది అనుభవమే. 'థ'కూ 'ధ'కూ తేడా నడుమనున్న ఒక చుక్క. 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు దగ్గరి చిన్న ఎడం. అక్షరం పెద్దదిగా ఉన్నంతకాలం ఆ చుక్క, ఆ ఎడం తమ పని తాము చేస్తాయి. అక్షరం చిన్నదై, సిరా కొద్దిగా పాకితే చుక్క గీతలో కలిసిపోతుంది, ఎడం పూడుకుపోతుంది. అయినా చదువరి తడబడడు. ముందు వెనుకల పదాలు, వాక్యంలోని అర్థం అతనికి తోడుంటాయి. 'కథ' అన్నచోట 'కధ' అని కనిపించినా 'కథ' అనే చదువుకుంటాడు.

ఎన్నికల గుర్తుకు ఇలాంటి తోడు తక్కువ. ఓటింగ్ గదిలోకి వెళ్లిన ఓటరుకు సలహా చెప్పేవారు ఉండరు, ఉండకూడదు కూడా. పేరు చదవలేని ఓటరుకు గుర్తే పేరు, గుర్తే వాక్యం. ఆ గుర్తు మరొక గుర్తులా కనిపిస్తే సరిదిద్దుకోవడానికి ఆధారం స్వల్పం. ఈ కారణం వల్ల వ్యాపార చిహ్నాల విషయంలో సౌందర్యానికో సౌకర్యానికో సంబంధించిన ప్రశ్నగా ఉండే స్పష్టత, ఎన్నికల గుర్తు విషయంలో హక్కుకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఎన్నికల గుర్తులను రాజకీయ చరిత్రలో భాగంగా చూసినంతగా రూపకల్పన చరిత్రలో భాగంగా చూడవలసిన అవసరం కూడా ఇక్కడే ఉంది.

2. పెట్టె మీది బొమ్మ

మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటర్ల సంఖ్య సుమారు 17 కోట్ల 32 లక్షలు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. సుకుమార్ సేన్ నాయకత్వంలోని ఎన్నికల కమిషన్ ఈ రెండు అంకెలనూ కలిపి ఆలోచించవలసి వచ్చింది. ఓటర్లలో అత్యధికులు అభ్యర్థి పేరు చదవలేరు గనుక పేరుకు బదులుగా బొమ్మను నిలపాలని నిర్ణయించారు. బొమ్మలు నిత్యజీవితంలో అందరికీ తెలిసినవై ఉండాలి. మతభావాలతో ముడిపడినవి కాకూడదు. కాంగ్రెసుకు కాడి మోసే జోడెద్దులు, సోషలిస్టు పార్టీకి చెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి, భారతీయ జనసంఘ్‌కు దీపం ఆ విధంగా దక్కిన గుర్తులే.

రూపకల్పన దృష్టితో చూస్తే ఆ ఎన్నికలలో గమనించదగినది గుర్తుల జాబితా కన్నా అవి ఉంచిన స్థలం. అప్పటి బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థుల గుర్తులు లేవు. ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యేకమైన పెట్టె ఉండేది. దాని మీద అతని గుర్తును అంటించేవారు. ఓటరు తన చేతిలోని కాగితాన్ని తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేసేవాడు. ఈ పద్ధతి కోసం దాదాపు 25 లక్షల పెట్టెలు అవసరమయ్యాయి. 1957 ఎన్నికలలోనూ ఈ విధానమే కొనసాగింది.

పెట్టెల పద్ధతిలో ఒక గుర్తుకూ మరొక గుర్తుకూ మధ్య భౌతికమైన దూరం ఉంది. ఓటరు ఒక పెట్టె ముందు నిలబడి, మరొక పెట్టె ముందుకు జరగాలి. ఎంపికలో కన్నుతో పాటు ఒళ్లు కూడా పాల్గొంటుంది. పెట్టె మీది బొమ్మ కొంత గజిబిజిగా ఉన్నా ఈ దూరం ఆ లోపాన్ని కొంతవరకు పూరించేది.

3. పెట్టె నుంచి గడికి

1962 సార్వత్రిక ఎన్నికల నాటికి పరిస్థితి మారింది. అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు ఒకే కాగితం మీద అచ్చువేసి, ఓటరు తనకు నచ్చిన గుర్తుపై ముద్ర వేసే పద్ధతి అమలులోకి వచ్చింది. పాలనాపరంగా ఇది పెద్ద సౌలభ్యం. అభ్యర్థికొక పెట్టె చొప్పున మోసుకుపోవలసిన అవసరం తీరింది. అయితే గుర్తు దృష్టితో చూస్తే ఇదొక స్థలమార్పిడి. పెట్టె మీది బొమ్మ కాగితం మీది గడిలోకి దిగింది. రెండు గుర్తుల మధ్య దూరం ఒక అచ్చు గీతంత అయింది.

1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో మొదటిసారి వాడిన ఓటింగ్ యంత్రాలు 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటా విస్తరించాయి. ఈ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. యంత్రం వచ్చినా బ్యాలెట్ పత్రం పోలేదు. బ్యాలెట్ యూనిట్ మీద మీటల పక్కన అమర్చేది అచ్చుకాగితమే. ఒక యూనిట్‌కు పదహారు వరుసలు. ఒక్కొక్క వరుసలో క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. 2015 నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 సెంటీమీటర్ల ఎత్తు గల అభ్యర్థి ఫోటో కూడా ఆ వరుసలోనే చేరింది. గుర్తుకు మిగిలే చోటు ఎంతో దీనినిబట్టి ఊహించవచ్చు.

2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్‌సేన్ ఉప ఎన్నికలో మొదలైన వీవీప్యాట్ యంత్రం గుర్తును మరొక ఉపరితలం మీదికి చేర్చింది. అది ముద్రించే చీటీ మీద క్రమసంఖ్య, పేరు, గుర్తు ఏడు సెకన్ల పాటు గాజు వెనుక కనిపించి పెట్టెలో పడిపోతాయి. అరవై ఏళ్ల కాలంలో గుర్తు పెట్టె నుంచి కాగితానికి, కాగితం నుంచి యంత్రానికి, యంత్రం నుంచి చీటీకి ప్రయాణించింది. ప్రతి మజిలీలోనూ దానికి దక్కే స్థలమో సమయమో తగ్గింది.

ఈ ప్రయాణంలో రంగు కూడా జారిపోయిందని గమనించాలి. ప్రచారంలో గుర్తు ఎప్పుడూ రంగుతోనే కనిపిస్తుంది. గోడ మీది సైకిలు పసుపు పచ్చనిది, కారు గులాబీ రంగుది. బ్యాలెట్ పత్రం మీద రెండూ నల్ల గీతలే. నెలరోజులు గోడల మీద నిలువెత్తు రంగుల బొమ్మను చూసిన ఓటరు చివరి క్షణంలో రంగులేని చిన్న బొమ్మలో దానిని పోల్చుకోవాలి. ఈ రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది రూపురేఖ ఒక్కటే.

4. పెన్సిలు గీతలు

స్వతంత్ర అభ్యర్థులకు కేటాయించే గుర్తులలో చాలావాటిని గీసినవారు ఎన్నికల కమిషన్‌లో చిత్రలేఖకుడిగా పనిచేసిన ఎం.ఎస్. సేథీ. ఆయన 1992లో పదవీ విరమణ చేశారు. అధికారులు కూర్చొని సామాన్యులు రోజూ వాడే వస్తువులేమిటో చర్చించడం, వాటిని సేథీ పెన్సిలుతో గీయడం అప్పటి పద్ధతి. కుట్టుమిషను, పళ్ల బ్రష్షు, బల్ల, మంచం వంటి వస్తువులు ఆ విధంగా ప్రజాస్వామ్య చిత్రావళిలో చేరాయి.

ఈ బొమ్మలలో ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. అవి వస్తువును వస్తువుగా చూపిస్తాయి. అలంకారం లేదు, భావగర్భితమైన సంకేతం లేదు. చూసినవారు వెంటనే పేరు చెప్పగలగాలన్నదే లక్ష్యం. 1951లో నిర్దేశించుకున్న 'పరిచితత్వం' అనే సూత్రానికి అవి పూర్తిగా కట్టుబడి ఉన్నాయి. అయితే పరిచితత్వం, స్పష్టత ఒకటి కావు. కుట్టుమిషను పరిచితమైన వస్తువే. కానీ దాని చక్రం, సూది, బల్ల, కాలితొక్కుడు అన్నీ చూపించబోతే చిన్న గడిలో గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పెన్సిలు చిత్రానికి ప్రాణం పోసే నీడలు చిన్న పరిమాణపు ముద్రణలో మరకలవుతాయి.

దీనితో పోల్చదగినది 2015లో వచ్చిన 'నోటా' గుర్తు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ దీనిని రూపొందించింది. బ్యాలెట్ పత్రం, దానికి అడ్డంగా నల్లని ఇంటూ గుర్తు – ఇంతే ఆ బొమ్మ. ఇది వస్తువును వర్ణించదు, చిన్న గడిలో చూడడానికి వీలైన మందమైన గీతలతో ఒక అభిప్రాయాన్ని చెబుతుంది. సేథీ గుర్తులు వస్తువు నుంచి బయలుదేరితే, నోటా గుర్తు గడి నుంచి బయలుదేరిందని చెప్పవచ్చు. రెండు కాలాల రూపకల్పన దృక్పథాల మధ్య తేడా ఇది.

5. చీలికలు, కొత్త గుర్తులు

ఎన్నికల గుర్తుల (రిజర్వేషన్, కేటాయింపు) ఉత్తర్వు 1968లో వచ్చింది. గుర్తింపు పొందిన పార్టీలకు రిజర్వు చేసినవి, మిగిలినవారికి ఇచ్చే స్వేచ్ఛా గుర్తులు అనే విభజన దీని ద్వారా స్థిరపడింది. మరుసటి ఏడాదే కాంగ్రెసు చీలింది. 1971 లోక్‌సభ ఎన్నికలలో జోడెద్దుల గుర్తు ఏ వర్గానికీ దక్కలేదు. ఇందిరాగాంధీ వర్గం ఆవు–దూడ గుర్తుతో పోటీ చేసింది. 1978లో మరొకసారి చీలిక వచ్చాక ఆమె పార్టీకి హస్తం గుర్తు లభించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభ ఎన్నికలలో పార్టీ గెలుపుతో ఆ గుర్తు నిలదొక్కుకుంది.

ఈ మూడు గుర్తులనూ వరుసగా పెట్టి చూస్తే రూపంలో ఒక సరళీకరణ కనిపిస్తుంది. జోడెద్దుల బొమ్మలో రెండు శరీరాలు, ఎనిమిది కాళ్లు, ఒక కాడి. ఆవు–దూడలో ఒకదాని మీద ఒకటి పడే రెండు రూపాలు. హస్తంలో ఒకే రూపం. వేళ్ల మధ్య ఖాళీలే దాని లక్షణం. ఈ క్రమం వెనుక రూపకల్పన ఆలోచన ఉన్నదని చెప్పడానికి వీలులేదు. చీలికలు, అందుబాటు వంటి రాజకీయ కారణాలే వాటిని నిర్ణయించాయి. కానీ ఫలితం మాత్రం చిన్న గడికి అనువైన గుర్తు.

తెలుగుదేశం పార్టీ విషయంలో జెండాకూ గుర్తుకూ గల తేడా ఈ అంశాన్నే మరొక విధంగా చూపిస్తుంది. 1982లో ఏర్పడిన ఆ పార్టీ జెండా మీద గుడిసె, నాగలి, చక్రం కలిసి ఉంటాయి. జెండా పెద్దది, దూరం నుంచి రంగుతో గుర్తుపట్టేది గనుక మూడు రూపాలనూ మోయగలదు. 1983 ఎన్నికలలో బ్యాలెట్ మీదికి వచ్చింది సైకిలు. అందులోని రెండు వలయాలు ఎంత చిన్నగా అచ్చయినా నిలబడతాయి.

6. కారు, రోడ్డు రోలరు

తెలంగాణ రాష్ట్ర సమితి గుర్తు కారు. స్వేచ్ఛా గుర్తుల జాబితాలోని రోడ్డు రోలరు కారును పోలి ఉందని ఆ పార్టీ అభ్యంతరం చెప్పడంతో 2011లో కమిషన్ దానిని తొలగించింది. తరువాతి కాలంలో అది మళ్లీ జాబితాలోకి వచ్చింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో భువనగిరిలో ఆ పార్టీ అభ్యర్థి 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అక్కడ రోడ్డు రోలరు గుర్తుకు ఇరవై ఏడు వేలకు పైగా ఓట్లు వచ్చాయి. 2020లో దుబ్బాక ఉప ఎన్నికలో ఓటమి తేడా 1,079. చపాతీ రోలరు గుర్తు పొందిన స్వతంత్ర అభ్యర్థికి దానికి మూడు రెట్ల ఓట్లు పడ్డాయి. ఈ అంకెలనే పార్టీ తన వాదానికి ఆధారంగా చూపింది.

2022లో మునుగోడు ఉప ఎన్నికలో ఈ వివాదం పతాకస్థాయికి చేరింది. ఒక అభ్యర్థికి లాటరీలో వచ్చిన రోడ్డు రోలరు గుర్తును రిటర్నింగ్ అధికారి మార్చి మరొక గుర్తు ఇచ్చారు. కమిషన్ జోక్యం చేసుకొని రోడ్డు రోలరునే పునరుద్ధరించి, ఆ అధికారిని కూడా మార్చింది. 2023 అక్టోబరులో, పార్టీ పేరు భారత రాష్ట్ర సమితిగా మారిన తరువాత, ఈ గుర్తుల మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పిటిషన్ వేయడంలో జరిగిన ఆలస్యంతో పాటు, కారుకూ రోలరుకూ తేడా తెలియనంత అమాయకులు కారు ఓటర్లు అన్న భావం న్యాయస్థానం మాటల్లో వ్యక్తమైంది.

రెండు పక్షాల వాదనలలోనూ జాగ్రత్తగా చూడవలసిన అంశాలున్నాయి. రోడ్డు రోలరుకు పడిన ఓట్లన్నీ పొరపాటు ఓట్లని చెప్పడానికి ఆధారం లేదు. అభ్యర్థి మీది అభిమానం, పార్టీల మీది అసంతృప్తి వంటి కారణాలు ఉండవచ్చు. ఓటు రహస్యం గనుక పొరపాటును లెక్కించే మార్గమే లేదు. మరొకవైపు, ఓటరు విజ్ఞుడన్న మాటలో గౌరవం ఉన్నా అది వేరొక ప్రశ్నకు సమాధానం. కారు ఏదో, రోలరు ఏదో ఓటరుకు తెలుసా అన్నది సమస్య కాదు. రోడ్డు మీద రెండింటినీ చూసి తికమకపడేవారు ఎవరూ ఉండరు. అచ్చయిన రెండు చిన్న బొమ్మలలో ఏది ఏదో, చత్వారం వచ్చిన కంటికి, చీకటిగా ఉన్న ఓటింగ్ గదిలో, వెనుక వరుస కదులుతుండగా తెలుస్తుందా అన్నది సమస్య. మొదటిది జ్ఞానానికి సంబంధించినది, రెండవది ముద్రణకు సంబంధించినది.

ముద్రణ కోణంలో ఈ జంటను పరిశీలిస్తే పోలిక ఎక్కడుందో అర్థమవుతుంది. రెండూ పక్క నుంచి చూసిన వాహనాలు. రెండింటికీ అడ్డంగా సాగిన దేహం, పైన గదిలాంటి భాగం, కింద రెండు గుండ్రని ఆకారాలు ఉన్నాయి. రోలరు ముందుచక్రం పెద్దది, బరువైనది కావడం వాటి మధ్య ప్రధానమైన భేదం. బొమ్మ కుదించుకుపోయినప్పుడు మొదట పోయేవి లోపలి గీతలు, తరువాత పోయేవి నిష్పత్తులలోని సన్నని తేడాలు, చివరిదాకా నిలిచేది మొత్తం ఆకారం. ఈ జంటలో చివరిదాకా నిలిచేదే ఉమ్మడిగా ఉన్నది. భేదం చూపవలసిన భాగం ముందుగా బలహీనపడుతుంది. 'థ', 'ధ'ల మధ్య చుక్కకు పట్టే గతే ఇది.

7. రద్దీలో గుర్తు

అభ్యర్థుల సంఖ్య పెరిగినప్పుడు ఈ సమస్య మరింత జటిలమవుతుంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీటి సమస్య మీద దేశం దృష్టిని మళ్లించడానికి బాధితులు ఎంచుకున్న నిరసన మార్గమది. 2019లో నిజామాబాదులో గిట్టుబాటు ధర కోసం పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయడంతో 185 మంది బరిలో ఉన్నారు. ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది.

480 మంది అభ్యర్థులంటే 480 వేర్వేరు బొమ్మలు. నిత్యజీవితపు వస్తువుల సంఖ్య అపరిమితం కావచ్చు గాని, చిన్న గడిలో ఒకదానితో ఒకటి కలవని ఆకారాల సంఖ్య పరిమితం. గుండ్రనివి, పొడవైనవి, చక్రాలున్నవి, పిడి ఉన్నవి – ఇలా కొన్ని కుటుంబాలలో వస్తువులన్నీ సర్దుకుంటాయి. జాబితా పెరిగేకొద్దీ ప్రతి కుటుంబంలో రద్దీ పెరుగుతుంది. పశుపక్ష్యాదులను కొత్తగా గుర్తులుగా ఇవ్వకూడదన్న నిర్ణయం జంతుసంక్షేమ దృష్టితో సమంజసమైనదే. కానీ పరస్పర భేదం అత్యంత స్పష్టంగా ఉండే ఆకారాల భాండారం ఒకటి దానితో మూతపడింది. ఏనుగును సింహంగా పొరబడడం కష్టం. ఒక వంటపాత్రను మరొక వంటపాత్రగా పొరబడడం సులభం.

8. పోలికను ఏ కొలతలో చూడాలి?

భాషలో ఒక సంకేతం విలువ ఇతర సంకేతాలతో దానికి గల భేదం వల్లనే ఏర్పడుతుందన్న సస్యూర్ ప్రతిపాదన భాషాశాస్త్ర విద్యార్థులకు సుపరిచితం. ఎన్నికల గుర్తు ఈ సూత్రానికి చక్కని దృష్టాంతం. కారు బొమ్మ విడిగా చూస్తే స్పష్టమైనదే. రోలరు బొమ్మ కూడా అంతే. ఒకే కాగితం మీద చేరినప్పుడే అవి అస్పష్టమవుతాయి. కాబట్టి ఒక గుర్తు బాగుందా లేదా అని విడిగా అడగడం కన్నా, ఒక జాబితాలోని ఏ రెండు గుర్తులైనా ఒకదానికొకటి దూరంగా ఉన్నాయా అని అడగడం సమంజసం.

1968 ఉత్తర్వులోని నిబంధనలు ఈ విషయాన్ని విస్మరించలేదు. గుర్తింపు లేని పార్టీ ఏదైనా కొత్త గుర్తును ప్రతిపాదిస్తే అది ఉన్న గుర్తులను పోలి ఉండరాదని అవి చెబుతున్నాయి. అయితే 'పోలిక' అన్న మాట ఏ పరిమాణంలో చూసిన పోలికో సూచించదు. అధికారి బల్ల మీద పెద్ద కాగితంలో చూస్తే కారు, రోలరు పోలవు. బ్యాలెట్ గడి కొలతలో, అదే ముద్రణలో, చూపు తగ్గిన వ్యక్తి చూస్తే పోలవచ్చు. వివాదమంతా ఈ రెండు చూపుల మధ్యనే నడిచింది.

వీవీప్యాట్ ఈ సందర్భంలో పూర్తి పరిష్కారం కాలేకపోతుంది. గుర్తును పొరబడిన ఓటరుకు చీటీ మీద కనిపించేది తాను పొరబడిన ఆ గుర్తే. చదవగలిగినవారికి పేరు తోడ్పడుతుంది. చదవలేనివారికి పరీక్ష కూడా ప్రశ్నలోని లోపాన్నే మోస్తుంది. ఇక చూపు లేని ఓటరుకు గుర్తు ఎంత స్పష్టమైనా ప్రయోజనం లేదు. 2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ సంకేతాలను ప్రయోగించి చూడడం ఈ పరిమితిని గుర్తించిన తొలి అడుగులలో ఒకటి.

9. ముగింపు

డెబ్బై ఏళ్ల చరిత్రలో ఎన్నికల గుర్తు మొదటి పరీక్షలో నెగ్గింది. అక్షరం రాని కోట్లమందికి అది ఓటును అందించింది. ఆ విజయానికి ఆధారం వస్తువు పరిచితమైనదై ఉండాలన్న 1951 నాటి సూత్రం. కానీ ఆ సూత్రం పెట్టె మీది బొమ్మ కోసం ఏర్పడినది. బొమ్మ గడిలోకి, చీటీలోకి దిగిన తరువాత దానికి భేదం అనే రెండవ సూత్రం తోడు కావలసి ఉంది.

గుర్తులను బ్యాలెట్ పరిమాణంలో అచ్చువేసి, వృద్ధులకు, చూపు మందగించినవారికి చూపి, వారు పొరబడే జంటలను జాబితా నుంచి విడదీయడం అసాధ్యమైన పని కాదు. ఓటు రహస్యమైనది గనుక పొరపాటు జరిగిన తరువాత దానిని కనిపెట్టలేం. కనిపెట్టలేని పొరపాటును ముందుగానే నివారించాలి. ఆ నివారణ భారాన్ని ఓటరు కంటి మీద కాక, బొమ్మ గీసే చేతి మీద, అచ్చువేసే యంత్రం మీద ఉంచడమే న్యాయం. ఓటరు విజ్ఞుడన్న మాటకు అప్పుడే పూర్తి గౌరవం దక్కుతుంది.